అత్తగారి మంచం కింద

మంచం కదులుతోందని అత్తగారు మొదటిసారి చెప్పినప్పుడు కోడలు లంచ్ బాక్సు మూత బిగిస్తోంది.

"కదలక ఏం చేస్తుంది అత్తయ్యా, దానికి నాలుగు కాళ్ళున్నాయి. రెండు కాళ్ళున్న నేనే పొద్దుటినుంచీ ఒక్కచోట నిలవలేదు," అంది.

అత్తగారు నవ్వారు. కోడలి హాస్యం ఆవిడకి ఇష్టమే. కానీ మర్నాడూ అదే మాట. పడుకుని ఉంటే కిందినుంచి ఎవరో మెల్లిగా తట్టినట్టుందనీ, ఆగబోయే ఊయలలా కాస్త ఊగి ఊరుకుందనీ అన్నారు.

ఎందుకు కదులుతోందో తేల్చుకోవాలని ఆవిడ చాలా తాపత్రయపడ్డారు. పిల్లి ఏదైనా దూరిందేమోనని టార్చి వేసి మంచం కింద వెతికారు. కింది ఫ్లాటువాళ్ళు ఏదైనా మెషీను పెట్టారేమో కనుక్కోమని కొడుకుని పంపారు. వాళ్ళింట్లో మిక్సీని మించిన మెషీను లేదని తేలింది. కొడుకు ఒక అట్టముక్క మడిచి మంచం కోడు కింద దోపి, "ఇంక కదిలితే నన్నడుగు," అన్నాడు. అట్టముక్క పెట్టాక కూడా కదిలింది.

"ఎక్కడైనా నుయ్యి తవ్వుతున్నారేమోరా."

"మూడో అంతస్తులో మంచం కదిలించే నుయ్యి అయితే, ముందు వాళ్ళకి దండ వెయ్యాలమ్మా," అన్నాడు కొడుకు, షర్టు గుండీలు పెట్టుకుంటూ. తర్వాత వంటింట్లోకి వచ్చి భార్యతో, "అమ్మకి ఏమీ తోచక," అన్నాడు.

కోడలు అలా అనుకోలేదు. ఆమెకు నిజంగానే భయం వేసింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కళ్ళు తిరిగి స్టవ్ మీద పడితే? సెలవు పెట్టి ఆవిడని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. చెవి లోపలి తూకం తప్పితే ఇలాగే ఉంటుందని చెప్పి ఆయన మాత్రలు రాశాడు. అవి వేసుకున్న దగ్గర్నుంచీ ఆవిడ మధ్యాహ్నందాకా మత్తుగా పడి ఉండేవారు. కోడలు ఫ్లాస్కులో కాఫీ పోసి పెట్టి, గ్యాస్ లైటరు తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుని పనికి వెళ్ళడం మొదలుపెట్టింది.

"కాఫీ పెట్టుకోవడానికి కూడా పనికిరానా అమ్మాయ్?" అని ఒకసారి అడిగారు అత్తగారు.

"మీ మంచికే కదా అత్తయ్యా."

ఆ మాట అన్నాక ఎదుటివాళ్ళకి అనడానికి ఏం మిగులుతుంది.

ఒక ఆదివారం కోడలి అక్క, బావ వచ్చారు. మాటల్లో మంచం సంగతి వచ్చింది. మనుషుల్ని అనుకరించడం కోడలికి చిన్నప్పటినుంచీ వచ్చిన విద్య. సోఫా చేతిని రెండు చేతులా పట్టుకుంది. మెడ కాస్త ముందుకు చాపి, కళ్ళు పెద్దవి చేసి, అత్తగారి గొంతుతో, "అమ్మాయ్, కదిలింది. ఇదిగో మళ్ళీ. పట్టుకో, పట్టుకో," అంది. బావకి నవ్వి నవ్వి కళ్ళ నీళ్ళొచ్చాయి.

"అత్తగారూ, ఈసారి టికెట్టు కొనకుండా ఎక్కకండి," అంది అక్క.

అత్తగారు కూడా నవ్వారు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అందరికన్నా కాస్త ఆలస్యంగా.

ఆ తర్వాత ఆవిడ మంచం ఊసే ఎత్తలేదు. మందు పనిచేసిందని కోడలు సంతోషించింది. మంచానికి బదులు ఇంకో అలవాటు వచ్చిందని అప్పట్లో పట్టించుకోలేదు. బయట చినుకులు పడితే అత్తగారు, "వాన పడుతోందా, నాకే అలా ఉందా?" అనేవారు. కాలింగ్ బెల్ మోగితే లేవబోయి ఆగి, కోడలి మొహంలోకి చూసేవారు.

కోడలు పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. కుర్చీలో కూర్చోబెట్టి, ఖాళీ ఫ్రేము పెట్టి, అద్దాలు మార్చి మార్చి "ఇది బాగా కనిపిస్తోందా, ఇదా?" అని అడగడం ఆమె పని. కొందరు బెదిరిపోతారు. ఆ రోజు మధ్యాహ్నం కుర్చీలో ఉన్న టాక్సీ డ్రైవరూ అలాంటివాడే.

"తప్పు చెప్తానేమోనమ్మా," అన్నాడు.

"ఇందులో తప్పేముందండీ. మీ కళ్ళు మీవి. మీకెలా కనిపిస్తే అలా చెప్పండి. మీ మాటని బట్టే నేను అద్దం వేసేది."

ఆ మాట పూర్తయ్యేలోగా అరల్లోని కళ్ళజోళ్ళన్నీ ఒక్కసారి గలగలమన్నాయి. గోడ మీద అక్షరాల పలక అటూ ఇటూ ఊగింది. కాళ్ళ కింద చాప ఎవరో లాగినట్టు నేల జరిగి ఆగింది. టాక్సీ డ్రైవరు ముక్కు మీద ఫ్రేముతోనే తలుపు వైపు పరిగెత్తాడు.

వీధి నిండా జనం. ఎవరికీ ఏమీ కాలేదని తెలిశాక అందరికీ మాటలొచ్చాయి. షాపు యజమాని ఫోనులో వార్త పైకి చదివాడు. ఈ చుట్టుపక్కల కొన్ని వారాలుగా చిన్న చిన్న ప్రకంపనలు వస్తూనే ఉన్నాయట. నడుస్తున్నవాళ్ళకీ, పనిలో ఉన్నవాళ్ళకీ తెలియవట. కదలకుండా కూర్చున్నవాళ్ళకీ, పడుకున్నవాళ్ళకీ తెలుస్తాయట.

"ఎందుకొస్తున్నాయట?" అని ఎవరో అడిగారు.

"కింద రాళ్ళలో పాత పగుళ్ళున్నాయట. వాన నీళ్ళు వాటిలోకి దిగి రాళ్ళు సర్దుకుంటున్నాయేమో అంటున్నారు. ఖాయంగా చెప్పలేమనీ అంటున్నారు."

"ఇన్నేసి అంతస్తులు నెత్తికెక్కిస్తే అది మాత్రం ఎంతకని ఓర్చుకుంటుంది," అన్నాడు టాక్సీ డ్రైవరు.

కోడలు ఫోను కోసం బ్యాగులో చెయ్యి పెట్టింది. లైటరు వచ్చింది చేతికి.

"ఏంటమ్మా, సిగరెట్లు మొదలెట్టావా?" అన్నాడు యజమాని. అందరూ నవ్వారు. ఆమె చెవులు కాలిపోయాయి. లైటరు లోపలికి తోసి, కాస్త దూరం నడిచి ఇంటికి ఫోన్ చేసింది. చాలాసేపు మోగాక అత్తగారు ఎత్తారు.

"అత్తయ్యా, కిందికి దిగారా?"

"ఎందుకమ్మాయ్?"

"భూకంపం వచ్చింది కదా."



"అదా," అన్నారు అత్తగారు. "నాకే అనుకున్నాను. వంటింట్లో గిన్నెలు పడ్డ చప్పుడయింది. అది కూడా నాకే అనుకున్నాను."

ఆమె ఇల్లు చేరేసరికి ఫ్లాట్లవాళ్ళు ఇంకా వీధిలోనే ఉన్నారు. ఎదురు ఫ్లాటు పంతులమ్మ దగ్గరికి వచ్చింది.

"తలుపు బాది మరీ పిలిచానమ్మా మీ అత్తగారిని. తనకి తలతిరుగుడు జబ్బనీ, నన్ను వెళ్ళమనీ అన్నారు. ఆ జబ్బు సంగతి మీరెప్పుడూ చెప్పలేదే."

కోడలు తలూపి మెట్లెక్కింది. ఏం చెప్పాలో మెట్లెక్కుతూనే కూడబలుక్కుంది. తన ముందు ఎవరెవరు నవ్వారో, తాను ఏం చేసి నవ్వించిందో, అంతా చెప్పాలనుకుంది. తలుపు తీసేసరికి అత్తగారు మంచం మీదే ఉన్నారు, దుప్పటి గుండెలదాకా లాక్కుని. వంటింట్లో రెండు గిన్నెలు నేల మీద బోర్లా పడి ఉన్నాయి.

"ఇన్నాళ్ళూ నిజంగానే కదిలిందట అత్తయ్యా," అంది. కూడబలుక్కున్న దాంట్లో అంతే బయటికొచ్చింది.

"పోనీలే. నీకు మాత్రం ఎలా తెలుస్తుంది," అన్నారు ఆవిడ.

సాయంత్రం భర్త, "డాక్టరే కదా చెప్పింది, మన తప్పేముంది?" అన్నాడు. ఆ మాట పట్టుకుని గట్టెక్కుదామనే కోడలు చూసింది. కానీ సోఫా చెయ్యి పట్టుకుని కళ్ళు పెద్దవి చేసింది డాక్టరు కాదు.

లైటరు స్టవ్ పక్కకి తిరిగొచ్చింది. మాత్రలు ఆపెయ్యమని డాక్టరు ఫోనులోనే చెప్పాడు, చెవి సంగతి మాత్రం ఎత్తలేదు. అంతటితో అయిపోతుందనుకుంది కోడలు. అయిపోలేదు. మర్నాడు అత్తగారు స్టవ్ ముందు నిలబడ్డారు. నీలం మంట ఎదురుగా మండుతోంది. లైటరు చేత్తో పట్టుకుని, వెనక్కి తిరిగి, "వెలిగిందా అమ్మాయ్?" అని అడిగారు.

"వెలిగిందత్తయ్యా," అంది కోడలు. అని, బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని కూర్చుంది.

సెలవు రోజు మధ్యాహ్నం భర్త బయటికి వెళ్ళాక ఆమె అత్తగారి గదిలోకి వచ్చి, "కాస్త జరగండి," అని పక్కన పడుకుంది. ఊరికే పడుకోవడం ఆమెకు చేతకాదు. ఉతకాల్సిన దిండు గలీబులు, కుళాయి కారడం, షాపులో రేపు రావలసినవాళ్ళు, అన్నీ వరసగా గుర్తుకొచ్చాయి. అయినా లేవలేదు. కాసేపటికి ఆలోచనలు కూడా విసుగెత్తి వెళ్ళిపోయాయి. అప్పుడు తెలిసింది వెన్ను కింద. తట్టి లేపినట్టు, మెల్లిగా.

తల తిప్పి చూసింది. అత్తగారు కప్పు వైపు చూడటం లేదు. కోడలి మొహంలోకే చూస్తున్నారు.

"కదిలిందా?"

అవునంటే ఆవిడా అవునంటారు. కాదంటే కాదంటారు. ఏది చెప్పినా తన మాటే ఆవిడ మాట అవుతుంది. నలుగురి ముందూ నవ్వులాటకి మొదలుపెట్టింది ఇక్కడిదాకా వచ్చింది.

"మీరు చెప్పండి," అంది.

"నాకేం తెలుస్తుంది. నువ్వే చెప్పు."

"చెప్పను. ఆ రోజు అక్కావాళ్ళ ముందు మిమ్మల్ని వెక్కిరించాను. వాళ్ళు నవ్వుతుంటే నాకు గొప్పగా ఉండింది. మీరు చూస్తున్నారని తెలిసే చేశాను. నా మాట నమ్మకండి అత్తయ్యా."

ఈసారి ఆవిడ పోనీలే అనలేదు. దిండు సర్దుకున్నారు. కిటికీ వైపు చూశారు.

"బాగా చేశావు," అన్నారు చివరికి. "అచ్చం నాలాగే ఉంది. ఇంకోలా ఉంటే నేనూ హాయిగా నవ్వేదాన్ని."

కోడలు అరచేతుల్లో మొహం దాచుకుంది.

"కదిలింది," అన్నారు అత్తగారు. కాస్త ఆగి, ఆ మాట ఎవరైనా లాక్కుంటారేమోనన్నట్టు మళ్ళీ అన్నారు. "నువ్వు కాదన్నా సరే, కదిలింది. లే."

"ఎక్కడికి?"

"కిందికి. అందరూ దిగిన రోజున నేను దిగలేదు. లే లే, సిగ్గు తర్వాత తీరిగ్గా పడుదువుగాని."

ముందు ఆవిడే మెట్లు దిగారు, రెయిలింగు పట్టుకుని. వీధిలో ఎవరూ లేరు. ఎదురుగా బండి దగ్గర ఇస్త్రీ చేస్తున్నతను పెట్టె ఎత్తి పట్టుకుని చూశాడు. ఇద్దరు ఆడవాళ్ళు, ఒకరు నిద్ర మొహంతో, ఇంకొకరు చెప్పులు లేకుండా జుట్టు విరబోసుకుని.

"ఏమైందమ్మా, గ్యాస్ లీకా?"

"భూమి కదిలింది," అన్నారు అత్తగారు.

అతను తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. తర్వాత కోడలి వైపు చూశాడు, పెదవి చివర చిన్న నవ్వుతో. నీకెంత కష్టం వచ్చిందమ్మా అన్నట్టున్న ఆ నవ్వు కోడలికి కొత్తది కాదు. అక్క ముందు, బావ ముందు, డాక్టరు ముందు తాను ఎన్నిసార్లు నవ్విందో. పైన బాల్కనీలోంచి పంతులమ్మ కూడా తొంగి చూస్తోంది. పైకి పోదాం అత్తయ్యా, అందరూ చూస్తున్నారు, అన్న మాట కోడలి నోటిదాకా వచ్చింది.

"నాకేం తెలియలేదే. నిజమేనా అమ్మా?" అన్నాడు అతను, ఆమెనే చూస్తూ.

"ఆవిణ్ణడుగు," అంది కోడలు. "ముందు ఆవిడకే తెలుస్తుంది."

అతను నవ్వాపి అటు తిరిగాడు. "ఏం పెద్దమ్మా, మళ్ళీ వస్తుందంటారా?"

"నన్నడిగి వస్తుందా," అన్నారు అత్తగారు మెట్టు మీద సర్దుకుని కూర్చుంటూ. "వచ్చాక చెప్తాను. నీ పెట్టె చూసుకో, చొక్కా కాలుతోంది."

అతను గతుక్కుమని చూసుకుంటే పెట్టె చేతిలోనే ఉంది. అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వారు. కోడలు నవ్వలేకపోయింది. కాలుతున్న సిమెంటు మీద ఉత్త కాళ్ళు మార్చుకుంటూ, ఆవిడ పైకి వెళ్దామనేదాకా అక్కడే నిలబడింది.