జున్నులో సూది

1999 ఏప్రిల్. పదకొండింటికి నా సూదిని పరీక్షించడానికి డాక్టరుగారు వస్తానన్నారు, ఏడింటికే కరెంటు పోయింది. మా యూపీఎస్ కంప్యూటర్‌ను మోసేది కానీ ఫ్రిజ్‌ను కాదు. మనిషి కండకు బదులు సూది గుచ్చి చూపేందుకు పోసి పెట్టిన జెల్లీ దిమ్మ కాస్తా పాయసమైంది. నాకసలే కోపం ఎక్కువ. ఫ్రిజ్ తలుపును రెండుసార్లు తన్నాను.

మాదాపూర్‌లో మాది రెండు గదుల కంపెనీ. ఊరంతా వై2కే అంటుంటే వెంకటనారాయణ అనే ఈ మొండివాడు వంకర తిరిగే సూది చేస్తున్నాడు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు గ్రంథిలోకి సూదులతో రేడియేషన్ గింజలు పంపుతారు. కొందరికి కటి ఎముక అడ్డొచ్చి, తిన్నని సూది ఓ మూలకు చేరదు. నా సూది మొన ఏటవాలుగా ఉంటుంది. నెడితే ఓ పక్కకు ఒరుగుతుంది, బయటినుంచి తిప్పితే దారి మారుస్తుంది. ఎక్కడ తిప్పాలో కంప్యూటర్ లెక్క చెబుతుంది.

క్యాంటీన్‌కు పాలు పోసే కొత్తగూడ కొమురమ్మ గుమ్మంలో ఆగింది. ఆమె భర్త పెంటయ్యకు అలా ఎముక అడ్డొచ్చే వైద్యం ఆగిపోయింది. ఈ పరీక్ష నెగ్గితేనే డాక్టరుగారు నా సూది అతనికి వాడేందుకు అనుమతి అడుగుతారు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

"ఏంది సారూ, గంత పరేషాన్‌ల ఉన్నవ్?"

చెప్పాను.

"మెత్తగుండాలె, కరగొద్దు. గంతేగద? నిన్ననే మా బర్రె ఈనింది. జున్నుపాలు మేం అమ్మం, వాడకట్టుల ఇంటింటికి పంచుతం. ఈసారి వాడకట్టు ఆగుతది తియ్."

గిన్నెలో ఎముకకు బదులు కొబ్బరిచిప్ప ముక్క నిలబెట్టి, దాని వెనకాల, సూది చేరాల్సిన మూలకు గుర్తుగా నల్లద్రాక్షను దారంతో వేలాడదీశాను. ఆమె ఇంటినుంచి జున్నుపాలు తెచ్చి పోసి, క్యాంటీన్ పొయ్యి దగ్గర ఆవిరి మీద ఉడికించింది. మూత తీస్తే గుప్పున యాలకుల వాసన.

"బెల్లం కూడా వేశారా?"

"బెల్లం లేకుంట జున్నేంది సారూ."

నవ్వాలో అరవాలో తెలియలేదు. పదకొండింటికి వచ్చిన డాక్టరుగారు మాత్రం చల్లారిన జున్నును వేలితో నొక్కి చూసి, "లోపలంతా కనబడే జెల్లీ కన్నా ఇదే నయం. మనిషి లోపల కూడా ఇలాగే ఏమీ కనబడదు" అన్నారు.

సూది నెట్టాను. టక్కుమని చిప్పకు తగిలింది. కొమురమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా లెక్క జెల్లీకి వేసింది, జున్ను అంతకన్నా గట్టి. కంప్యూటర్‌లో అంకె మార్చాను. చెమట చేతులు చొక్కాకు తుడుచుకుని మళ్ళీ నెట్టి, ఐదు సెంటీమీటర్ల దగ్గర సగం చుట్టు తిప్పాను. చప్పుడు లేదు.

డాక్టరుగారు కత్తితో కోశారు. సూది మొన ద్రాక్ష నడిమధ్యన ఉంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"మా ఆయనకు గిట్లనే చేస్తరా?" కొమురమ్మ అడిగింది.

"అనుమతికి ఆరు నెలలు పడుతుందమ్మా. ఇది నెమ్మదిగా పెరిగే జబ్బు, అందాకా మందులతో ఆపుదాం" అని డాక్టరుగారు, కోసిన ముక్క ఒకటి నోట్లో వేసుకున్నారు.

నవంబరులో పెంటయ్యకు వైద్యం జరిగింది. ఆ మూలకు కూడా గింజలు చేరాయని డాక్టరుగారు స్కాన్ చూసి చెప్పారు. డిసెంబరులో వాళ్ళ రెండో బర్రె ఈనింది. వాడకట్టుకు పంచకముందే మొదటి గిన్నె జున్ను పట్టుకుని పెంటయ్య తనే నడిచి వచ్చాడు.

నేను అలవాటు కొద్దీ చెంచాను ఏటవాలుగా దించి, మెల్లగా తిప్పుతున్నాను. పెంటయ్య కాసేపు చూశాడు.

"అండ్ల ఎముక లేదు సారూ. ఫికర్ లేకుంట తిను."