మధ్యలో నొక్కని మీట

నేను ఒక కాలిక్యులేటర్ని. జేబులో పెట్టుకునేదాన్ని కాదు, కంప్యూటర్ కొంటే ఊరికే వచ్చేదాన్ని. ఊరికే వచ్చినదానికి విలువేముంటుంది చెప్పండి! పుట్టినప్పుడు నాది బూడిదరంగు మొహం, చదరపు మీటలు. చక్కదనం లేకపోయినా, ఏ మీట ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పవచ్చు.

మొదట ఒక ట్యుటోరియల్ సెంటర్లో ఉన్నాను. నన్ను తెరిచిన ప్రతివాడూ రెండు రెళ్ళు ఎంతని అడిగేవాడు. మనుషులతో ఇదే చిత్రం, తమకు జవాబు తెలిసిన లెక్కే ఇచ్చి నన్ను పరీక్షిస్తారు. నాలుగు అనగానే "పనిచేస్తోందిరోయ్" అని మూసేసేవారు. ఆ సెంటర్ మూతపడ్డాక నేనున్న కంప్యూటర్ మంగళగిరిలో ఒక నేత సంఘానికి చేరింది.

నా బతుక్కి ఒక అర్థం దొరికింది అక్కడే, నాంచారయ్య గారి చేతిలో. ఆయన రంగుల మేస్త్రి. నలభై ఏళ్ళుగా నూలుకు రంగులద్దుతున్నారు, గోళ్ళ సందుల్లో నీలం ఎన్నడూ వదలదు. చీరకు నిలువు పోగులు పడుగు, అడ్డ పోగులు పేక. రెండింటి బరువూ కలిపి, తరుగుకు పదోవంతు చేర్చి, ఆ నూలంతా ఒకే కాగులో ముంచాలి. తక్కువపడి రెండోసారి ముంచితే దేవుడు దిగొచ్చినా అదే రంగు రాదు. ఆయన లెక్క వేసే తీరు ఒకటే: పడుగు, ప్లస్, పేక, ఇంటూ, ఒకటి పాయింట్ ఒకటి. మధ్యలో ఈక్వల్ నొక్కడం ఆయన ఎరగరు, నేనూ అడగలేదు. వచ్చినదాన్ని వచ్చినట్టు చేసుకుంటూ పోయేదాన్ని. పదకొండేళ్ళు మా ఇద్దరికీ తేడా రాలేదు.

ఎక్కడో కూర్చుని నన్ను తయారుచేసిన పెద్దమనుషులకు నా మొహం నచ్చలేదు. ఒక ఉదయం కంప్యూటర్ తనంతట తానే ఆగి లేచింది. చూసుకుంటే నేను నేను కాను. మీటలు గుండ్రంగా, పల్చగా, ఉన్నాయో లేవో అన్నట్టున్నాయి. నాంచారయ్య గారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"ఏందే ఇది? ఇంటూ గుర్తు ఏడకి పోయింది? నిన్న ఈడే గదా ఉంది! బాగున్నదాన్ని బాగుచెయ్యమని ఎవురడిగారు?"

ఆయన విసుక్కుంటే నాకు ఏడుపొచ్చింది. మొహం పోతే పోనీ, నా బుర్ర కూడా మార్చారు. కూడిక ముందున్నా సరే, గుణకారమే మొదట చేయాలట. బడి పుస్తకం ప్రకారం అదే ఒప్పట! ఆ సంగతి ఆయనకు ఒక్క ముక్క చెప్పినవాడు లేడు.

ఆ వారమే ఒక కోలాటం బృందానికి ఎనిమిది చీరలు కావలసివచ్చాయి, అన్నీ ఒకే మామిడిచిగురు రంగు. పడుగు 2200 గ్రాములు, పేక 1800. ఆయన ఎప్పటిలాగే వేశారు. నేను ఇవ్వాల్సింది 4400, ఇచ్చింది 4180. పేకకు మాత్రమే తరుగు చేర్చి పడుగును వదిలేశాను. తేడా కంటికి ఆనేంత లేదు. పాపం, నన్ను నమ్మి అంతే తూచి ముంచారు.

పడుగుకు కావలసినదంతా ముందే తీసేస్తారు కాబట్టి కొరత పేకకే పడింది; ఎనిమిదో చీర మూరెడు నేయగానే అయిపోయింది. మళ్ళీ ముంచిన నూలు ఒక వన్నె ముదిరింది. నేసే రత్తమ్మ ఆ చీర తెచ్చి బల్లమీద పరిచింది. మూరెడు దగ్గర గీత గీసినట్టు కనబడుతోంది.

"పెదనాయనా, నీ చేతిలో ఇట్టా ఎప్పుడూ కాలా. ఒంట్లో బాగుందా?" అంది. ఆమె తిట్టినా బాగుండేది.

"పోనీలే మావయ్యా, ఈసారి నుంచి లెక్క నేనూ ఒకసారి చూస్తాలే" అన్నాడు సంఘం కార్యదర్శి. నాంచారయ్య గారు తలొంచుకున్నారు.

మర్నాడు ఎవరూ రాకముందే వచ్చి నా ముందు కూర్చున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు పట్టేస్తారు, దొంగను నేనేనని తెలిసిపోతుంది అనుకున్నాను. మొదట పన్నెండు పన్నెండ్లు వేశారు. నూట నలభైనాలుగు. తర్వాత 2200కు 1800 కలిపారు. ఎక్కడ తప్పుతానో అన్న భయంతో, మెల్లగా, జన్మలో మొదటిసారి మధ్యలో ఈక్వల్ నొక్కారు. 4000. దాన్ని ఒకటి పాయింట్ ఒకటితో గుణించారు. 4400.

అయ్యో, అలా కాదు మేస్త్రి గారూ! ఎప్పటిలాగే వెయ్యండి, ఒక్కసారి! నాకు నోరుంటే కదా.

ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

"నువ్వు బానే ఉన్నావు. మా అన్నకి మతి పోయినప్పుడూ ఇట్టాగే మొదలయింది" అన్నారు.

రంగుల కొట్టం తాళంచెవి మొలతాడు నుంచి విప్పి, కీబోర్డు పక్కన పెట్టి వెళ్ళిపోయారు.

తెరమీద 4400 అలాగే ఉంది. లెక్క ఒప్పే.