మొదటి వాయి

తిరగలికి గాట్లు పెట్టించిన రోజు మొదట విసిరిన పిండి పారెయ్యాలి. ఉలి దెబ్బలకు రేగిన రాతిపొడి అందులో కలుస్తుంది. గాట్లు కొట్టే ఆవిడ పనిముట్లు సంచిలో సర్దుకుంటూ ప్రతిసారీ చెప్పే మాటే ఇది. ఆవిడ అటు గుమ్మం దాటగానే అత్తగారు ఇటు అనే మాట కూడా ఒకటుంది. "అంత పిండి పారేస్తామా ఏమిటి? కోడలు తింటుందిలే." పెళ్లయిన కొత్తలో ఆ మాటకు కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇప్పటికి పద్దెనిమిదేళ్లు. ఇప్పుడు ఆ పిండికి వేరే డబ్బా తనే కడిగి సిద్ధంగా పెట్టుకుంటుంది. అది అడుగంటేసరికి మళ్లీ గాట్లు పెట్టించే రోజు వస్తుంది.

ఆ ఇంట్లో మిల్లు పిండి ఎవరికీ గొంతు దిగదు. మాది రాతి పిండి, అందుకే మాకు డాక్టరు మొహం తెలియదు అని భర్త ఆఫీసంతా చెప్పుకుంటాడు. విసిరేదెవరో ఎవరూ అడగరు, ఆయనా చెప్పడు. తెల్లారకుండా లేచి గంటసేపు విసిరి, జుట్టులో పడ్డ పిండి దులుపుకుని, ఆమె కూడా తొమ్మిదింటికల్లా తపాలా కౌంటర్లో కూర్చోవాలి మరి. కుడి భుజం ఎప్పుడో మొద్దుబారింది. మనసు అంతకుముందే.

కిందటి నెల పళ్ల డాక్టరమ్మ నోట్లోకి లైటు వేసి చూసి, వయసెంతో రెండుసార్లు అడిగింది. డెబ్బై ఏళ్ల ముసలమ్మకు కూడా పళ్లు ఇంతలా అరగవు, ఏం తింటారమ్మా మీరు అంది. జవాబు చెప్పడానికి ఆమె నోరు తెరిచే ఉంది గానీ పక్కనున్న భర్త అందుకున్నాడు, మా ఇంట్లో కల్తీ అన్నది ఉండదండీ అని. ఆమె పుక్కిలించి ఉమ్మేసింది. కోపం రావాలి కదా, రాలేదు. వస్తుందేమోనని బస్సులో కాసేపు ఎదురుచూసింది కూడా.

ఈ ఆదివారం మళ్లీ గాట్లు పెట్టించారు. మొదటి వాయి ఆమె డబ్బాలోకి, తర్వాతది అందరి డబ్బాలోకి పోయింది. ఆమె రొట్టెలు కాలుస్తుంటే అత్తగారు వచ్చి నిలబడి, "పిల్లకి కూడా నీ పిండివే రెండు వెయ్యి. రేపు ఇంకో ఇంటికి పోవాల్సింది, అలవాటు కావాలి" అంది.

పిల్లకు పదిహేనేళ్లు. ఆమె రెండు రొట్టెలు తన చేత్తోనే వేసి, తన కంచం తెచ్చుకుని, భర్త, అత్తగారు, పిల్ల కూర్చున్న బల్లకు ఒక చివర కూర్చుంది.

పిల్ల ఒక ముక్క నమిలి ఆగిపోయింది. "అమ్మా, ఇసుక."

"సర్దుకో తల్లీ," అన్నాడు తండ్రి తలెత్తకుండా. "మీ అమ్మ తినట్లేదూ?"

పిల్ల తల్లి వైపు చూసింది. చూసి, మళ్లీ నమలడం మొదలుపెట్టింది.

కరకర. ఆమె చెయ్యి కంచంలో ఆగిపోయింది. ఇన్నేళ్లూ ఆ చప్పుడు తన నోట్లోదే గనక తనకొక్కదానికే తెలుసనుకుంది. బల్ల అవతలికి ఇంత స్పష్టంగా వినిపిస్తుందా? అయితే పద్దెనిమిదేళ్లుగా వీళ్లిద్దరూ వింటూనే తిన్నారన్నమాట.

ఆమె లేచింది. పిల్ల కంచంలోని రొట్టెలు తీసి భర్త కంచంలో వేసింది. తనవి తీసి అత్తగారి కంచంలో వేసింది. మంచి పిండి రొట్టెలు పిల్లకు రెండు, తనకు రెండు పెట్టుకుని మళ్లీ వచ్చి కూర్చుంది.

ఏమిటిది అన్నాడు భర్త.

"తినండి," అంది. "ఇవాళ మేం వింటాం."