డెల్ క్రాస్ నూట ముప్పై ఎనిమిదో చావు

డెల్ క్రాస్ తన నలభై రెండేళ్ళ నట జీవితంలో నూట ముప్పై ఏడు సార్లు చచ్చాడు. ఇది గిట్టనివాళ్ళు పుట్టించిన లెక్క కాదు. హాలీవుడ్ పక్కనున్న బర్బాంక్‌లోని ఆయన ఇంట్లో స్నానాల గది తలుపు వెనక ఆయనే పెన్సిలుతో గీతలు గీసి పెట్టుకున్నాడు. గుర్రం మీంచి పడి చచ్చాడు, విషం తాగి చచ్చాడు, లిఫ్టులో ఇరుక్కుని చచ్చాడు. ఒక సినిమాలో సొరచేప మింగింది. అదీ రబ్బరు సొరచేప. మధ్యలో దాని దవడ ఊడిపోతే మళ్ళీ మొదట్నుంచీ మింగించారు. ఇక పోలీసు సీరియళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. తెర మీద డెల్ మొహం కనబడిందంటే ఇంకో పది నిమిషాల్లో ఎవరో ఒకరు వచ్చి ఆయన శవం చుట్టూ సుద్దముక్కతో గీత గీయాల్సిందే.

బర్బాంక్‌లో ప్రతి రెండో ఇంట్లో ఒక నటుడుంటాడు. ప్రతి మూడో ఇంట్లో ఎవరూ తీయని సినిమా కథ ఒకటి సొరుగులో మగ్గుతూ ఉంటుంది. అలాంటి ఊళ్ళో నాలుగు మెతుకులు దొరకాలంటే ఏదో ఒకటి బ్రహ్మాండంగా వచ్చి తీరాలి. డెల్‌కి చావడం వచ్చు. కళ్ళు తెరుచుకుని, రెప్ప కొట్టకుండా ఎంతసేపైనా పడి ఉంటాడు. ముక్కు మీద ఈగ వాలినా ఉలుకూ పలుకూ ఉండదు. "డెల్ పడ్డాడంటే రెండో టేకు అక్కర్లేదు" అని అసిస్టెంటు డైరెక్టర్లందరూ చెప్పుకునేవారు. పని దొరకడానికి ఆ మాట సరిపోయింది. పేరు రావడానికి మాత్రం సరిపోలేదు.

ఆయన భార్య ఇర్మా ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరయింది. బస్సు నిండా పిల్లల్ని ఒక్క అరుపుతో కూర్చోబెట్టిన గొంతు ఆవిడది. పెళ్ళయిన కొత్తలో సరదాపడి మొగుడి సినిమాకి వెళ్ళింది. తెర మీద డెల్ కడుపు పట్టుకుని కూలిపోగానే హాల్లో జనమంతా చప్పట్లు కొట్టారు. అందులో ఆయన దొంగ మరి. ఇర్మా లేచి బయటికొచ్చేసి, పాప్‌కార్న్ అమ్మే చోట నిలబడి బావురుమని ఏడ్చింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ ఒకటే పద్ధతి. మొగుడి సినిమాకి తప్పకుండా వెళ్తుంది. చావు సీను వచ్చే ముందు డెల్ మోచేత్తో పొడుస్తాడు. ఆవిడ లేచి పాప్‌కార్న్‌కి పోతుంది, మళ్ళీ లోపలికి రాదు.

"నువ్వు లేని సినిమా నాకెందుకూ?" అంటుంది. "అయినా నిజంగా పోయే రోజున ఎలాగూ చూడాలి. దానికి ఇప్పట్నుంచీ టికెట్టు కొనుక్కుని ప్రాక్టీసు చెయ్యాలా?"

అందుకే పెళ్ళయిన ఇన్నేళ్ళలోనూ ఆవిడ మొగుడి సినిమా ఒక్కటి కూడా చివరిదాకా చూడలేదు. ఈ విషయం డెల్‌కి ముల్లులా గుచ్చుకుంటూనే ఉండేది.

డెల్‌కి అరవై ఎనిమిదో ఏట ఒక తాత వేషం వచ్చింది. నెబ్రాస్కాలో మొక్కజొన్న పండించే కుటుంబం కథ. డైరెక్టరు పేరు రస్టిన్. ముప్పై నిండలేదు, టోపీ వెనక్కి తిప్పి పెట్టుకుంటాడు. స్క్రిప్టు చేతికి రాగానే డెల్ అలవాటు కొద్దీ తన చావు ఏ పేజీలో ఉందా అని వెతికాడు. లేదు. చివరి పేజీ నుంచి వెనక్కి వెతికాడు. అప్పుడూ లేదు. కొడుకు పోతాడు, ఆవు పోతుంది, ఇల్లు తగలబడుతుంది, తాత మాత్రం గుండ్రాయిలా ఉంటాడు. ఆఖరి షాటులో వసారాలో కూర్చుని పుచ్చకాయ ముక్క తిని, గింజలు ముంగిట్లోకి ఉమ్మేసి, "ఇంకో ముక్క కొయ్యండి" అంటాడు. అదీ తింటాడు. అంతే, పేర్లు పడతాయి.

డెల్ వంటింట్లోకి పరిగెత్తాడు. "ఇర్మా! ఈసారి నువ్వు లేవక్కర్లేదు. చివరిదాకా కూర్చోవచ్చు!"

"ఒట్టు?"

"ఒట్టు. చివర్న పుచ్చకాయ తింటాను."

ఇర్మా చేతిలోని గరిటె పక్కన పెట్టింది. "ఆ పుచ్చకాయలో విషం గట్రా లేదు కదా? సరిగ్గా చదివావా?"

"నాలుగు సార్లు చదివానే!"

అప్పుడు గాని నమ్మలేదు. నమ్మాక మాత్రం ఆయన బట్టతల మీద ముద్దు పెట్టి, కొత్త గౌను కుట్టించుకోవడానికి బయల్దేరింది.

సినిమా తీయడం అయిపోయింది. కానీ హాలీవుడ్‌లో తీసినంత మాత్రాన సినిమా అయిపోయినట్టు కాదు. విడుదలకు ముందు దాన్ని దారిన పోయే జనానికి ఉచితంగా చూపిస్తారు. చూసినవాళ్ళ చేతిలో కార్డూ పెన్సిలూ పెట్టి, ఏది నచ్చింది, ఏది నచ్చలేదు, ముగింపు ఎలా ఉంది అని రాయమంటారు. పైగా ఓ ఇరవై మందిని ఆపి, ముందు వరుసల్లో కూర్చోబెట్టి, మాట్లాడించి మరీ వింటారు. రెండేళ్ళు చెమటోడ్చి తీసినవాడి తలరాత పుణ్యానికి వచ్చి కూర్చున్నవాడి పెన్సిలు మొనలో ఉంటుందన్నమాట. స్టూడియోవాళ్ళు ఈ జనాన్ని షాపింగ్ మాల్ ముందు పోగుచేస్తారు. "మీ ఇంట్లో సినిమావాళ్ళెవరైనా ఉన్నారా?" అని ముందే అడుగుతారు. ఉన్నారంటే రానివ్వరు.

ఈ కార్డుల మాట వినగానే డెల్ గుండెల్లో రాయి పడింది. ఇన్నిసార్లు చచ్చినవాణ్ణి జనం బతకనిస్తారా? కూర్చోలేక, నిలబడలేక, తన పాత నేస్తాలిద్దర్నీ కాఫీకి పిలిచాడు. ఒకడు ఫ్లాయిడ్ పెక్. హీరోల బదులు గుర్రాల మీంచి పడీ పడీ రెండు మోకాళ్ళూ ఇనుపవి వేయించుకున్నాడు. రెండో ఆవిడ ట్రూడీ వాన్. దయ్యాల సినిమాల్లో కెవ్వున కేకలు పెట్టడం ఆవిడ ఉద్యోగం.

"మీరిద్దరూ ఆ ఆటకి వచ్చి, తాత గురించి నాలుగు మంచి ముక్కలు రాయాలి" అన్నాడు డెల్. నన్ను బతికించండని నోరు తెరిచి అడగడానికి మొహమాటం అడ్డొచ్చింది. ఆ ఒక్క మాటా అడిగి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

"నువ్వు చెప్పాలట్రా! నీకు మేలు జరిగేలా మేం చూసుకుంటాం" అన్నాడు ఫ్లాయిడ్.

"నాకు వదిలెయ్ బాబూ" అంది ట్రూడీ, అప్పుడే కళ్ళు ఒత్తుకుంటూ.

ఆదివారం మధ్యాహ్నం పాసడీనాలో ఆట. గుమ్మం దగ్గర ఫ్లాయిడ్ తాను పళ్ళ డాక్టర్నన్నాడు. ట్రూడీ ఆరుగురు పిల్లల తల్లినంది. డెల్ తనని గుర్తుపడతారేమోనని నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, టోపీ కిందికి లాక్కుని, ఇంట్లో సినిమావాళ్ళెవరూ లేరని బొంకి, ఇర్మాతో లోపలికి వచ్చాడు. అంత హంగామా అక్కర్లేకపోయింది. పక్క సీట్లో కూర్చున్నావిడ ఆయన మొహం చూసి, "కొంచెం కాళ్ళు తీస్తారా?" అని మాత్రమే అంది.

సినిమా సగమయ్యాక ఆవిడే డెల్ వైపు వంగి, "చూస్తూ ఉండండి, ఆ తాత ఇప్పుడు గుటుక్కుమంటాడు. ఈయన ప్రతి సినిమాలోనూ పోతాడు" అంది.

"ఈసారి పోడేమోనండీ" అన్నాడు డెల్.

"మీకెలా తెలుసు?"

"ఊరికే, మొహం కాస్త ఆరోగ్యంగా ఉంది కదా అని."

ఇటుపక్క ఇర్మా కొత్త గౌను వేసుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, బడిలో మొదటి రోజు పిల్లలా నిటారుగా కూర్చుంది. ఆవు పోయింది, కొడుకు పోయాడు, ఇల్లు తగలబడింది. తాత వసారాలో కూర్చున్నాడు. పుచ్చకాయ ముక్క తిన్నాడు. గింజలు ఉమ్మేశాడు. ఇంకో ముక్క కొయ్యమన్నాడు. కోసిచ్చారు, అదీ తిన్నాడు. పేర్లు పడ్డాయి.

ఇర్మా ముక్కు చీదుకుంటూ, "గడ్డం మీద గింజ అలాగే ఉండిపోయింది. తుడుచుకోవద్దూ?" అంది. ఆ ఏడుపూ ఆ నవ్వూ కలగలిసిన మొహం చూసి డెల్‌కి జన్మ తరించినంత పనయింది. తన గురించి తనే రాసుకోవడానికి డెల్‌కి మొహమాటం వేసి, ఇర్మా ఒక్కతే కార్డు రాసిచ్చింది, ఇద్దరూ చేతులు పట్టుకుని ఇంటికి పోయారు. ఫ్లాయిడ్‌నీ ట్రూడీనీ మాట్లాడించడానికి ముందు వరుసలో ఆపేశారని వాళ్ళు గమనించలేదు.

మంగళవారం రస్టిన్ స్వయంగా ఇంటికి వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. డైరెక్టరు టోపీ తీశాడంటే శుభం కాదని డెల్‌కి తెలుసు.

"డెల్ గారూ, జనానికి మీరు తెగ నచ్చేశారు" అన్నాడు. "ఎంత నచ్చారంటే... తాత పోవాలంటున్నారు."

"పోవడమేమిటి?"

"ముందు వరుసలో ఒకావిడ ఏడ్చిందండీ. అలాంటి ఏడుపు నేనెప్పుడూ చూడలేదు. 'ఆరుగురు పిల్లల తల్లిగా చెబుతున్నాను, ఆ మహానుభావుడికి గొప్ప మరణం ఇవ్వండి' అంది. మిగతా పంతొమ్మిది మందీ అవునవునన్నారు. ఇదిగో, ఈ కార్డు చూడండి. 'పళ్ళ డాక్టరుగా నేను ఎన్నో చావులు చూశాను. ఈ నటుడికి క్లోజప్‌లో ఒక చావు ఇవ్వకపోతే పాపం తగులుతుంది.'"

డెల్ ఆ కార్డు లాక్కుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "బతకాలని ఒక్కరూ రాయలేదా బాబూ?"

"ఒకరు రాశారు. 'అతను అందగాడు, ఇంకో ముక్క పెట్టండి' అని. వయసెంత అన్న చోట 'నీకెందుకు' అని ఉంది." రస్టిన్ నవ్వబోయి, వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఇర్మాని చూసి మానుకున్నాడు.

"నేను చేయనంటే?"

"అప్పుడు తాత పోయాడని ఎవరో ఫోన్లో చెప్పినట్టు తీస్తాం. పుచ్చకాయ సీను మొత్తం కోసేస్తాం."

అంటే ఎలా చూసినా చావే. రస్టిన్ అటు వెళ్ళగానే డెల్ ఇటు ఫ్లాయిడ్ ఇంటి మీద పడ్డాడు. ట్రూడీ కూడా అక్కడే ఉంది. ఇద్దరూ ఘనకార్యం చేసినవాళ్ళలా కేకు కోసుకుని తింటున్నారు.

"మీ మొహాలు మండా! నన్ను చంపుతార్రా?"

ఫ్లాయిడ్ నోరు వెళ్ళబెట్టాడు. "అదేమిట్రా! నువ్వు నలభై ఏళ్ళు ఏ మూలో, ఎవడి కాళ్ళ కిందో చచ్చావు. ఒక్కసారైనా నీ మొహం మీద కెమెరా పెట్టి నీ చావు తీశార్రా? వయొలిన్లు మోగాయిరా? నటుడికి ఇంతకంటే ఏం కావాలి? నేనైతే ఎగిరి గంతేద్దును, మోకాళ్ళు లేవు గానీ."

"మూడు రుమాళ్ళు తడిపాను నీ కోసం" అంది ట్రూడీ, నొచ్చుకుని.

డెల్ కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. తనే ముందు వరుసలో కూర్చుని, తెర మీద ఫ్లాయిడ్ ఉండి ఉంటే, తనూ అచ్చం అలాగే రాసేవాడు. ఆ మాట తలుచుకుని ఆయనకి మరింత ఒళ్ళు మండింది. ఒక కేకు ముక్క నోట్లో కుక్కుకుని ఇంటికి వచ్చేశాడు.

"ఒకటే దారి" అంది ఇర్మా. "చెడగొట్టు. ఎంత ఛండాలంగా చావగలవో అంత ఛండాలంగా చావు. వాళ్ళే సిగ్గుపడి పాతది ఉంచేస్తారు." అలాగేనని డెల్ ఒట్టేశాడు.

వారం తిరక్కుండా స్టూడియోలో వసారా మళ్ళీ కట్టారు. డెల్ పుచ్చకాయ కొరికాడు. ఇర్మాకి ఇచ్చిన మాట ప్రకారం నాలుక బయట పెట్టాడు, కాళ్ళు తన్నుకున్నాడు, రెండు ఎక్కిళ్ళు పెట్టాడు, పక్కకి ఒరిగి, పోయినట్టే పోయి మళ్ళీ లేచి ఒక మూలుగు మూలిగాడు. సౌండువాడు చెవులకున్నవి తీసేసి పడీపడీ నవ్వాడు.

"సార్... ఇంకోటి చేద్దామా?" అన్నాడు రస్టిన్, ఎంతో మర్యాదగా.

క్లాప్ కొట్టే అమ్మాయి ముందుకొచ్చి, "టేక్ టూ" అంది.

అదిగో, అక్కడే కొంప మునిగింది. డెల్ చావుకి రెండో టేకు! రబ్బరు సొరచేప దవడ ఊడిన రోజు తప్ప, నలభై రెండేళ్ళలో ఆయన ఆ మాట విని ఎరగడు. చెవులు భగ్గుమన్నాయి. వెనక ఎవరో కొత్తవాడు "ముసలాయనకి ఓపిక లేదు పాపం" అని గొణగడం కూడా వినబడింది. ఇర్మా ఎగిరిపోయింది, పుచ్చకాయ ఎగిరిపోయింది, ఒట్టూ ఎగిరిపోయింది. డెల్ ముక్క కొరికాడు. పొలం వైపు చూశాడు. ఏదో చెప్పబోయినట్టు పెదవి కదిలింది. చేతిలోని ముక్క మెల్లగా జారి ఒళ్ళో పడింది. అంతే. కళ్ళు తెరిచే ఉన్నాయి, మనిషి లేడు.

రస్టిన్ కట్ చెప్పడం మరిచిపోయాడు. నవ్విన సౌండువాడు ముక్కు తుడుచుకున్నాడు. చివరికి అసిస్టెంటు డైరెక్టరు గొంతు సవరించుకుని, "అందరూ వినండి! డెల్బర్ట్ క్రాస్ గారికి ఈ సినిమాలో పని పూర్తయింది!" అని అరిచాడు. లైటువాళ్ళతో సహా అందరూ నిలబడి చప్పట్లు కొట్టారు. పెద్ద పెద్ద నటులకి కొట్టే ఆ చప్పట్లు డెల్‌కి మొదటిసారి దక్కాయి. ఆయన లేచి వంగి దణ్ణం పెట్టాడు. పెడుతుండగా ఇర్మా గుర్తొచ్చింది.

ఇంటి గుమ్మంలోనే అడిగింది. "చెడగొట్టావా?"

"మొదటిది చెడగొట్టాను."

"మరి రెండోది?"

డెల్ వంగి బూట్లు విప్పుకోవడం మొదలుపెట్టాడు.

"ఛీ! మీ నటుల జన్మలు తగలెయ్య!" అని ఇర్మా లోపలికి పోయి ధడాలున తలుపేసుకుంది. మూడు రోజులు డెల్ తన గుడ్లు తనే వేయించుకుని తిన్నాడు. స్నానాల గది తలుపు వెనక నూట ముప్పై ఎనిమిదో గీత గీయడానికి చెయ్యి రాలేదు.

సినిమా విడుదలైంది. ఇర్మా వస్తుందని డెల్ అనుకోలేదు. వచ్చింది, అదే గౌనులో. ఆవు పోయింది, కొడుకు పోయాడు, ఇల్లు తగలబడింది. తాత వసారాలో కూర్చున్నాడు. డెల్ పాత పద్ధతి ప్రకారం మోచేత్తో పొడిచాడు.

ఇర్మా కదల్లేదు.

మళ్ళీ పొడిచాడు. "లేవవే. ఇప్పుడే వస్తుంది."

"నోర్మూసుకుని కూర్చో" అంది. ఆయన మణికట్టు అందుకుని, డాక్టరులా నాడి మీద వేళ్ళు నొక్కిపెట్టి, కళ్ళు తెర మీద నిలిపింది. ముక్క జారి ఒళ్ళో పడింది. ఆవిడ వేళ్ళు బిగుసుకున్నాయి. కళ్ళు మాత్రం మూసుకోలేదు. వయొలిన్లు మోగాయి. హాలంతా ముక్కులు చీదడం మొదలైంది. వెనక వరుసలో ఒకావిడ వెక్కివెక్కి ఏడుస్తోంది.

ఇర్మా సీట్లోంచి వెనక్కి తిరిగింది.

"ఏడవకమ్మా" అంది, బస్సు చివరి సీటుదాకా వినబడే ఆ గొంతుతో. "ఆయన రెండో ముక్క కూడా తిన్నాడు. వీళ్ళు కోసేశారు గానీ, నేను చూశాను."

హాలు హాలంతా "ఉష్!" అంది. డెల్ టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు. మణికట్టు మాత్రం ఆవిడ చేతిలోనే ఉంచాడు.