క్యారియర్ మీద బెల్లం దిమ్మ

మా ఇంట్లో ప్లాన్లు వేసేది నేను. ఈ పదవి నాకెవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను. అందుకే మా బావ పోతురాజు ఏప్రిల్ ఆఖరులో అందరినీ అండమాన్ తీసుకెళ్తానని టిక్కెట్లు కొన్న రోజునే, ఉన్న అయిదు రోజుల్లో ఒక రోజు నాదని ప్రకటించేశాను. ఆ రోజు హేవలాక్ దీవిలో సైకిళ్ళు అద్దెకు తీసుకోవాలి. జెట్టీ దగ్గర ఎక్కి, దీవికి అవతలి కొసనున్న రాధానగర్ బీచ్ దాకా తొక్కి, సూర్యాస్తమయం చూసి, మళ్ళీ తొక్కుకుంటూ రావాలి. పోను పన్నెండు కిలోమీటర్లు, రాను పన్నెండు.

నాకు సైకిలు పిచ్చి. అనకాపల్లిలో ఆదివారం పొద్దున్నే హెల్మెట్టు పెట్టుకుని, ఒంటికి అంటుకుపోయే చొక్కా వేసుకుని హైవే మీద తొక్కే ఏడుగురిలో నేనొకణ్ణి. నాది ఇరవై ఒక్క గేర్ల సైకిలు. రావికమతం నుంచి మా నాన్న వచ్చినప్పుడు నా అవతారం చూసి, "సిన్నప్పటి సొక్కా ఇంకా ఎందుకేసుకుంటన్నావురా త్రినాధూ?" అని జాలి పడ్డాడు.

ప్లాను వివరించడానికి ఒక సాయంత్రం గవరపాలెంలో మా ఇంటికి అందరినీ పిలిచి గోడకి చార్టు అంటించాను. పోతురాజు మా ఆవిడ గౌతమికి అన్న. నాలుగు వీధుల అవతలే ఉంటాడు, మందుల కంపెనీలో సూపర్‌వైజరు. భార్య కుమారితో వచ్చాడు. మా అత్త తలుపులమ్మ ఆ నెల మా ఇంట్లోనే ఉంది. గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని, చార్టు కేసి సంతలో చేపను చూసినట్టు చూస్తోంది.

"ఎనిమిదింటికి హోటల్లో టిఫిన్. తొమ్మిదికి బయల్దేరతాం. దారిలో ఫొటోలు. పదో కిలోమీటరు దగ్గర ఒక మెట్ట ఉంది. మెట్ట ఎక్కేటప్పుడు ఊపిరి ఎలా తీసుకోవాలంటే..." అని నేను చెప్పుకుపోతున్నాను.

"అల్లుడూ, మెట్ట కాడికి ఎల్లేసరికి ఎండెక్కడుంటాది?" అంది అత్త.

చార్టులో ఎండకి గడి పెట్టలేదు.

"పోనీ, అక్కడ పొద్దెప్పుడు గూకుతాదో అడిగేవా? మన నూకరత్నం అక్కడే కదా ఉంది, ఫోన్ సెయ్యి."

నూకరత్నం అత్తకి చెల్లెలు. మొగుడు చేపల వేటకని పోర్ట్ బ్లెయిర్ వెళ్ళి అక్కడే స్థిరపడిపోయాడు. గౌతమి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

"ఓలప్పా! ఇక్కడ నాలుగున్నరకే ఎలుగొచ్చేత్తాది. సాయింత్రం ఆరు కాకుండానే సీకటి. బీచీ కాడి రోడ్డు అడివిలోంచే, లైట్లుండవు. ఆ టయానికి సైకిలేటి, మతి గాని పోయిందా ఎవులికైనా?" అంది నూకరత్నం.

మతి పోయినవాడు చార్టు పక్కనే నిలబడి ఉన్నాడు. సూర్యాస్తమయం తర్వాత ఏడింటికి తాపీగా తిరుగు ప్రయాణమని ఎర్ర స్కెచ్చి పెన్నుతో రాసింది నేనే. అందరికీ ఒకటే గడియారం కదా, సూర్యుడు కూడా అనకాపల్లి టైముకే దిగుతాడనుకున్నాను. 

అత్త నవ్వలేదు. "సేపల బేరానికెళ్ళినోలు సేసే పనే సెయ్యి బాబూ. ఎలుగుతోనే ఎక్కీ. ఎండొచ్చేలోగా మెట్ట దాటీ. తినడం అవతల" అంది. అప్పుడు తెలిసింది నాకు, పావుగంట నుంచీ నేను తాతకు దగ్గులు నేర్పుతున్నానని.

అత్తది పూడిమడక. మా మామ పోయాక, బుట్ట నెత్తినెట్టుకుని బస్సుల కోసం కాచుకునే ఓపిక లేక మగాళ్ళలా సైకిలు కొనుక్కుంది. వెనక ఐసు వేసిన చేపల బాక్సు కట్టుకుని పూడిమడక నుంచి ఎలమంచిలి దాకా ఇరవై రెండేళ్ళు తొక్కింది. ఆ డబ్బుతోనే పోతురాజూ గౌతమీ చదువుకున్నారు.

చార్టు మీద పేర్ల దగ్గరకొచ్చాను. నేను, గౌతమి, పోతురాజు.

"నా పేరూ రాసీ అల్లుడూ" అంది అత్త.

"నువ్వెందుకమ్మా? కుమారితో కారులో రా" అన్నాడు పోతురాజు.

"ఇరవై రెండేళ్ళు తొక్కినదాన్నిరా."

"అందుకే వద్దంటన్నాను!" అని అరిచాడు. అరిచాక తనకే సిగ్గేసి తల దించుకున్నాడు.

ఆ కోపం ఎక్కడిదో గౌతమి నాకు పెళ్ళయిన కొత్తల్లోనే చెప్పింది. పోతురాజు ఎలమంచిలి హైస్కూల్లో చదివేవాడు. రోజూ పదిన్నరకి గేటు ముందు అత్త సైకిలు రబ్బరు బూర "పాం పాం" మనేది. వెనక బెంచీవాళ్ళు ముక్కు మూసుకుని "ఒరే, మీ అమ్మొచ్చింది" అనేవారు. వాడు వెళ్ళి నీళ్ళ ట్యాంకు వెనక దాక్కునేవాడు. ఉద్యోగంలో చేరాక మొదట చేసిన పని, ఆ సైకిలు పాత ఇనుము వాడికిచ్చెయ్యడం. ఇది జరిగి ఆరేళ్ళు. కంపెనీలో ఎవరడిగినా మా అమ్మ ఇంటి దగ్గరే ఉంటుందని చెబుతాడు తప్ప ఏం చేసేదో చెప్పడు.

అత్త మెల్లిగా అంది: "ఎళ్ళేటప్పుడు సేపల బాక్సు, వచ్చేటప్పుడు బియ్యం మూట. ఒట్టి సైకిలు ఒక్కనాడూ తొక్కలేదురా నేను. ఒక్క రోజు, బరువు లేకుండా, ఎవులి కోసమూ కాకుండా తొక్కాలనుంది."

పోతురాజే తగ్గాడు. "సరే. వాకిట్లో గౌతమి సైకిలుంది. వీధి చివరికెళ్ళి రా. పడకుండా వస్తే నీ పేరు రాయిద్దాం."

అత్త చీర చెంగు బొడ్లో దోపుకుంది. నేను ధీమాగా సెల్‌ఫోన్ తీసి వీడియో కూడా మొదలెట్టాను. ఆవిడ ఎక్కింది, రెండు తొక్కులు తొక్కింది. హ్యాండిల్ ఈ పక్కకీ ఆ పక్కకీ పిచ్చిగా కొట్టుకుంది. పది గజాలు పోలేదు, కాలవ గట్టుకి గుద్దుకుని పడిపోయింది. ఎదురింటి బుల్లమ్మ "అయ్యయ్యో" అంటూనే నవ్వింది. పోతురాజు పరిగెత్తుకెళ్ళి లేవదీసి, "ఇంక ఆ మాటెత్తకమ్మా" అన్నాడు. మోకాలు చీరుకుపోయి రక్తం వస్తోంది. అత్త మోకాలు చూసుకోలేదు. సైకిలు వెనక చక్రం వైపే చూస్తూ నిలబడింది.

ఆవిడ పేరు రాయకుండానే స్కెచ్చి పెన్ను మూత పెట్టేశాను. నాకు చాలా బాధేసింది. ఇరవై రెండేళ్ళు తొక్కిన మనిషి పది గజాలకి పడిపోవడమేమిటో ఎంత ఆలోచించినా అర్థం కాలేదు.

తర్వాత మా ఇంట్లో ఒక వింత మొదలైంది. రోజు విడిచి రోజు తీపి వండుతున్నారు. ఒకరోజు పరమాన్నం, ఒకరోజు బూరెలు, ఇంకోరోజు పాకం గారెలు. గౌతమికి నా మీద ప్రేమ పెరిగిందనుకుని నేను ఎదురు మాట లేకుండా తిన్నాను. మూడో వారంలో ఒకరోజు గౌతమి సైకిలు తుడుద్దామని వంగితే, క్యారియర్ నిండా చీమలు. బారులు తీరి, దర్జాగా, పెళ్ళివారిలా వెళ్తున్నాయి. సైకిలు క్యారియర్ మీద చీమలకేం పని? వంటింట్లోకి వెళ్ళి చూశాను. మా నాన్న రావికమతం నుంచి పంపిన పన్నెండు కేజీల బెల్లం దిమ్మ ఉండాల్సిన చోట లేదు.

మర్నాడు తెలతెలవారుతుండగా తలుపు చప్పుడైతే లేచి, నా ఇరవై ఒక్క గేర్ల సైకిలు మీద దొంగలా వెనకాలే వెళ్ళాను. శారదా నది గట్టు మీద మా అత్త సైకిలు తొక్కుతోంది. వెనకాల గౌతమి ఆయాసపడుతూ పరిగెత్తుతోంది. క్యారియర్ మీద గోనెపట్టాలో చుట్టి, పాత ట్యూబుతో బిగించి కట్టిన బెల్లం దిమ్మ. సైకిలు గీత గీసినట్టు పోతోంది.

నన్ను చూసి ఇద్దరూ ఆగారు. అత్త దాచలేదు.

"నాకు సైకిలు రాకపోడం కాదు బాబూ. ఎనకాల నలబై కేజీలుంటేనే నా సేతులకి అది సైకిలు. ఒట్టిదెక్కితే ఎవులిదో గుర్రమెక్కినట్టుంది. ఆ రోజు పడ్డాక గాని తెల్లేదు. అందుకని దిమ్మ కట్టేను. నాలుగు రోజులకోపాలి కొంచెం ఇరగ్గొట్టి తీసేత్తన్నాను. పన్నెండు కేజీలది, ఇప్పుడు అయిదుకొచ్చింది."

"ఇరగ్గొట్టిందంతా నీ పొట్టలోకే వెళ్ళింది" అంది గౌతమి నడుం పట్టుకుని.

ప్రేమ సంగతి అలా తేలింది. అయినా నాకు ఎంత సంతోషమేసిందంటే, ఆ గట్టు మీదే హెల్మెట్ తీసి అత్తకి దండం పెట్టాను. పోతురాజుకి చెప్పనని మాటిచ్చాను. ఇంటికొచ్చి పాత చార్టు చింపేసి, అత్త చెప్పినట్టే కొత్త ప్లాను రాశాను: నాలుగూ ముప్పావుకి బయల్దేరడం, ఎండ రాకముందే మెట్ట, ఆ తర్వాతే తిండి, మధ్యాహ్నానికి తిరుగు ప్రయాణం. బయల్దేరే ముందురోజుకి క్యారియర్ మీద గుప్పెడు బెల్లం ముక్క మిగిలింది. అత్త దాన్ని నోట్లో వేసుకుని, ఒట్టి సైకిలు మీద గట్టు చివరికెళ్ళి వచ్చింది.

హేవలాక్‌లో నాలుగూ ముప్పావుకి నిజంగానే తెల్లగా వెలుతురు. సైకిళ్ళ కొట్టువాడితో ముందురోజే మాట్లాడి పెట్టాను. పోతురాజు సైకిలు సంగతి మానేసి, తల్లిని కూర్చోబెట్టడానికి కారులో మెత్త వేసి సిద్ధంగా ఉన్నాడు. అత్త కొట్టులో ఉన్నవాటిలో గేర్లు లేని నల్ల సైకిలు బయటికి లాగింది. సంచీలోంచి ఏదో తీసి హ్యాండిల్‌కి బిగించింది. అది ఆ పాత రబ్బరు బూర. సైకిలుని ఇనుము వాడికిచ్చిన రోజున బూర ఒక్కటీ విప్పి పెట్లో దాచుకుందట.

పోతురాజు మొహం మాడిపోయింది. "అమ్మా, ఇదేటి? పడిపోతావు. పైగా అందరూ చూస్తారు."

"సూడనీ" అని సంచీ వాడి చేతిలో పెట్టింది. "ఇది కూడా నీ కారులో ఎయ్యి. నాకు బరువొద్దు."

వాడు సంచీతో నిలబడి ఉండగానే వెళ్ళిపోయింది.

కొబ్బరి తోటలు, వరి మళ్ళు, పూరిళ్ళ ముందు కోళ్ళు. అత్త ముందు, గౌతమి వెనక, ఆ వెనక నేను, నా వెనక నత్తలా కారు. కుమారి పక్కన కూర్చుని, కారు అద్దంలోంచి పోతురాజు తల బయట పెట్టే ఉన్నాడు. పదో కిలోమీటరు దగ్గర అడవిలో మెట్ట మొదలైంది. నేను అన్నిటికంటే తేలిక గేరు వేసి, నేర్చుకున్న ఊపిరంతా పీల్చి, సగంలో దిగిపోయి సైకిలు తోసుకుంటూ నడిచాను. గౌతమి నాకంటే ముందే దిగింది. అత్త మాత్రం రోడ్డుకి ఈ పక్క నుంచి ఆ పక్కకి, ఆ పక్క నుంచి ఈ పక్కకి ఏటవాలుగా కోసుకుంటూ ఎక్కుతోంది. చేపల బాక్సుతో మెట్టలెక్కిన మనిషి ఎక్కే పద్ధతి అది.

ఇంకో ముప్పై గజాలుందనగా హ్యాండిల్ కొట్టుకుంది. ఆ రోజు మా వీధిలో కొట్టుకున్నట్టే. పోతురాజు కారు దిగి పరిగెత్తాడు. "అమ్మా, ఆగీ! దిగిపో!"

అత్త దిగలేదు. పెడళ్ళ మీద లేచి నిలబడి, చేత్తో బూర నొక్కింది. పాం, పాం. హ్యాండిల్ కుదురుకుంది. పాం, పాం అంటూ ముప్పై గజాలూ తొక్కి, మెట్ట మీదకెక్కి, కాలు నేల మీద పెట్టింది. నేను కింద నుంచే ఈల వేశాను. నా ప్లాన్లన్నిటిలోకీ ఇంత బాగా జరిగింది ఇంకోటి లేదు, అందులో నాది ఏమీ లేకపోయినా.

మేం పైకి చేరేసరికి పోతురాజు తల్లి పక్కన వంగి ఆయాసపడుతున్నాడు. మెట్ట మీద స్కూటీ ఆపుకుని నీళ్ళు తాగుతున్న హైదరాబాద్ జంట చప్పట్లు కొట్టారు. ఆ అబ్బాయి అడిగాడు: "ఆంటీ ఏమైనా స్పోర్ట్సా అండీ?"

పోతురాజు లేచి నిలబడ్డాడు. ఒక్క క్షణం బూర వైపు చూశాడు. 

"కాదండి. మా అమ్మ సైకిలు మీద చేపలమ్మింది. ఇరవై రెండేళ్ళు. దాంతోనే నన్ను చదివించింది" అన్నాడు. గొంతు తగ్గించలేదు. కంపెనీలో అందరికీ వినపడాలన్నట్టు అన్నాడు.

అత్త చెంగుతో మొహం తుడుచుకుంది. అది చెమటేనని నాతో వాదించవద్దు. ఎదురుగా రోడ్డు బీచ్ దాకా పల్లమే, చెట్ల సందుల్లోంచి సముద్రం కనిపిస్తోంది.

"ఒట్టి సైకిలు తొక్కడం అయిపోయింది" అంది క్యారియర్ మీద చెయ్యేసి. "రా, ఎక్కు."

"నాది డెబ్బై ఎనిమిది కేజీలమ్మా!"

"అయితే ఏటి? దిమ్మ కొంచెం పెద్దది, అంతే. ఎక్కరా."

ముప్పై ఆరేళ్ళ సూపర్‌వైజరు కాళ్ళు రెండు పక్కలా వేసుకుని క్యారియర్ మీద కూర్చున్నాడు. సైకిలు వాలు మీద జారింది, హ్యాండిల్ వెంట్రుకవాసి కూడా కదల్లేదు. బరువు పడగానే మా అత్త చేతులకి పాత సైకిలు దొరికింది. మలుపు తిరిగి వాళ్ళు కనిపించకుండా పోయినా బూర మోగుతూనే ఉంది. మలుపు దగ్గర నేను చూశాను, అత్త రెండు చేతులూ బ్రేకుల మీదే ఉన్నాయి. వెనక నుంచి చెయ్యి చాపి బూర నొక్కుతున్నది పోతురాజు.