పలకని డబ్బా

“పాతది మంచిగనే మాట్లాడుతుంది గద బిడ్డా. కొత్తది నోరు తెరువకపోతే ఏం జేస్తవు?”

కంప్యూటరు ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. శనివారం ఇనుము ఇంట్లోకి రాకూడదని నేనే తొందరపెట్టి శుక్రవారం సాయంత్రం కొండాపూర్ నుంచి తెప్పించాను. విప్పకముందే నేను ఈ మాట అన్నందుకు మా మధుకర్ నవ్వాడు.

“అమ్మా, నువ్వు పెండ్లికి పోయి కూడ పిలగాడు పారిపోతే ఎట్లా అని అడుగుతవు.”

“మీ పెద్దమ్మ ఆడిబిడ్డ పెండ్లిల పారిపోయిండు గద.”

“సరే తియ్యి. ఇది యాడికీ పారిపోదు. దీనికి కాళ్లు లేవు.”

మధుకర్‌కు పుట్టినప్పటి నుంచి చూపు లేదు. వాడి కంప్యూటరు వాడితో మాట్లాడుతుంది. తెర మీద ఏమి ఉంటే అది చదివి చెబుతుంది, వాడు విని మీటలు నొక్కుతాడు. ఆ గొంతు పెనం మీద జొన్నలు పేలినట్టు పటపటలాడుతుంది. నాకు ఒక్క ముక్క అర్థం కాదు. ఆడగొంతు కాబట్టి ‘మాటలామె’ అని పేరు పెట్టుకున్నాను. హైటెక్ సిటీలో ఒక కంపెనీ ఉంది. జనం ఫోన్లలో వాడే యాప్‌లు చూపు లేనివాళ్లకు కూడా పనికొస్తాయా లేదా అని ఇలాంటి పిల్లలతో పరీక్ష చేయిస్తుంది. ఖాజాగూడలో మా కిరాయి ఇంట్లో కూర్చునే మావాడు ఆ పని చేస్తాడు.

ఆ పని దొరకకముందు డిగ్రీ చదివి కూడా చాలాకాలం ఇంట్లోనే ఉన్నాడు. ఇంటర్వ్యూకు పిలుస్తారు, చేతిలో కర్ర చూస్తారు, మంచినీళ్లిచ్చి పంపిస్తారు. ఆ రోజుల్లో వాడు మంచం పట్టీ మీద వేళ్లతో ఊరికే కొడుతూ కూర్చునేవాడు. ఆ చప్పుడు మళ్లీ వినాల్సి వస్తుందేమోనన్నదే నా భయం. ఈసారి ఆ భయానికి ఒక రోజు కూడా ఖాయమైంది, సోమవారం.

వాడి పాత ల్యాప్‌టాపును నడిపించే లినక్స్ బాగా పాత వర్షనట. దానికి రిపేర్లు చేసి పంపడం ఆపేశారట. అలాంటి మిషన్లను సోమవారం నుంచి కంపెనీ లోపలికి రానివ్వదు. కొత్త వర్షన్ వేద్దామంటే ఆ ల్యాప్‌టాపుకు అంత బలం లేదు. దాని మూత విరిగి ఏడాది దాటింది, ఫ్యాను పిండిమరలా అరుస్తుంది. సోమవారం పొద్దున మీటింగులో ఒక్కొక్కరినీ పేరుతో పిలుస్తారు. కొత్త వర్షన్ మీద నుంచి పలికినవాళ్లకు పని ఉంటుంది. పలకనివాళ్ల పని వేరేవాళ్లకు పోతుంది. వాడు ఇదంతా నాకు చల్లగా చెప్పాడు. నాకు మాత్రం ఆ పూట ముద్ద దిగలేదు.

శనివారం పొద్దున పెట్టె విప్పాడు. టిఫిను డబ్బా అంత ఉంది, అంతే. తెర లేదు.

“తెర ఏది?”

“నాకు తెరతోని ఏం పని? పైసలు దండుగ.”

“ఏమన్న గడ్‌బడ్ అయితే చూసెటోళ్లు ఉండాలె గద. టీవీకి పెట్టుకుందాం. డిష్ డబ్బా వైరు దీనికి కూడ పడ్తది, నేను చూసిన.”

“చూసి ఏం జేస్తవు? నువ్వు చదివింది ఏడో తరగతి.”

“అక్షరాలు ఒక్కొక్కటి చెప్తా. ఎం, ఏ, డి అని. నీ పేరు రాయనీకి నేనే నేర్పిన బిడ్డా, మర్చిపోయినవా.”

కాసేపు గులిగాడు గానీ ఒప్పుకున్నాడు. డిష్ డబ్బా నుంచి వైరు పీకి కొత్తదానికి నేనే పెట్టాను. డబ్బా పైన పసుపు కుంకుమ పెడతానంటే, “సందులల్ల పోయిందంటే నువ్వే కొనిస్తవు” అన్నాడు. కింద ముగ్గు వేసి ఊరుకున్నాను.

పాత దాంట్లోని తన సామానంతా ముందే ఒక చిన్న డిస్కులోకి ఎక్కించి పెట్టుకున్నాడు. అర్థమయ్యేలా చెప్పమంటే ఇలా చెప్పాడు. “ఇల్లు మారినట్టే అమ్మా. బీరువా తెచ్చుకుంటం, గిన్నెలు తెచ్చుకుంటం. ఇంటికి పోయినంక ఏ మేకుకు ఏది తలిగెయ్యాల్నో మళ్లీ చూసుకోవాలె. ఇల్లు పాతది కాదు గద, మేకులు వేరే చోట ఉంటయి.” మేము మారిన ఇళ్లలో ప్రతిసారీ ఏదో ఒకటి పగిలింది. ఆ మాట నోటి దాకా వచ్చింది, మింగేశాను.

కొత్తదానికి పెన్‌డ్రైవ్ పెట్టి స్విచ్ వేశాడు. కాసేపు ఆగి మూడు మీటలు కలిపి నొక్కితే మాటలామె లేచి పలకాలట. చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాడు. నొక్కాడు.

పలకలేదు.

ఇంకోసారి నొక్కాడు. ఇయర్‌ఫోన్ తీసి ఊది మళ్లీ పెట్టాడు. తెర మీద వెలుగొచ్చింది, ఏదో పక్షి బొమ్మ ఉందని చెప్పాను. పైన మూలకు గుర్తులున్నాయి, ఒకటి మైకు గొట్టంలా ఉంది అన్నాను.

“దాని మీద గీత కొట్టి ఉందా?”

“లేదు. మంచిగనే ఉంది.”

“అంటే సౌండు ఉన్నట్టే.” టీవీ వైపు తల తిప్పాడు. “టీవీలకు పోతుందేమో. టీవీ ఆన్‌ల ఉందా?”

“ఆన్‌ల లేకుంటే నాకు పిట్ట ఎట్ల కనపడ్తది?”

“అవును గద. మరి టీవీ ఏం మాట్లాడుతలేదు.”

“ఏం మాట్లాడుతలేదు.”

“అయితే అది కాదు.”

పెన్‌డ్రైవే చెడిపోయిందేమో అనుకున్నాడు. పాత ల్యాప్‌టాపు తెరిచి దాన్ని మళ్లీ మొదటి నుంచి తయారు చేశాడు. మధ్యాహ్నమయింది. మళ్లీ పక్షి బొమ్మ వచ్చింది, మళ్లీ మాట లేదు. ఇంకో ఇయర్‌ఫోన్ పెట్టి చూశాడు, దాంట్లోనూ లేదు. తెర మీది అక్షరాలు ఒక్కొక్కటి చదివి వినిపించాను. మధ్యలో తెర నల్లబడిందని కేకేశాను. పడుకుందంతే, మీట నొక్కితే లేస్తుంది అన్నాడు.

“కొత్త వర్షన్‌ల మనసొంటోళ్లకు ఈ గొంతే తీసేసిన్రేమో,” అన్నాడు ఒకసారి. వాడి నోట అంత మాట రావడం నేను ఎప్పుడూ వినలేదు. భయపడటం నా పని. వాడు ధైర్యం చెప్పడానికి ఉండేవాడు. ఆ పని వాడు మానేస్తే ఇద్దరం కలిసి భయపడాలి.

పప్పుచారు పోసి పెట్టాను. రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు. కుర్చీలో కూర్చుని బల్ల అంచు మీద వేళ్లతో కొట్టడం మొదలుపెట్టాడు. నేను వంటింట్లోకి పోయి ఉత్తుత్తిగా గిన్నెలు తోమాను.

సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చాడు. పేరు యాదయ్య. నానక్‌రాంగూడలో ఒక అద్దాల బిల్డింగు గేటు దగ్గర సెక్యూరిటీ. టోపీ తీసి మేకుకు పెట్టడం, చాయ్ అడగడం, రిమోట్ అందుకోవడం, ఈ మూడూ ఆయనకు ఒకటే పని. ఆరోజు కూడా అంతే.

“ఏందే, ఈ పిట్టేంది? వార్తలు ఏడబోయినయి?”

“దాని జోలికి పోకు, పిలగాని పని నడుస్తుంది,” అని నేను లోపలి నుంచి అంటూనే ఉన్నాను. ఆయన రిమోట్ నొక్కనే నొక్కాడు.

ఇంట్లో పిడుగు పడ్డట్టయింది. టీవీ గొంతెత్తి ఇంగ్లీషులో గడగడా చదవడం మొదలుపెట్టింది. పక్కింటి చెన్నకేశవులు గోడవతల నుంచి “ఏందన్నా, లొల్లి” అన్నాడు. మా ఆయన రిమోట్ దూరంగా పట్టుకుని నిలబడ్డాడు.

“చంద్రమ్మా, టీవీల ఎవలో తిడుతున్రు.”

మధుకర్ లేచి నిలబడ్డాడు. “నాయినా. ఏం నొక్కినవు?”

“నేనేం జేసిన? ఎప్పటి తీరుగ మీ అమ్మ దీని నోరు మూసి పెట్టింది. తెరిచిన.”

అప్పుడు గానీ నాకు తోచలేదు. వాడు పనిలో ఉన్నంతసేపూ టీవీకి సౌండు లేకుండా చేసి నేను సీరియళ్లు చూస్తాను. వాడు ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ అంతే. వాడి వెనకాలే పీట వేసుకుని కూర్చుంటాను. మాటలామె గొంతుకు ఇంకో గొంతు అడ్డం రాకూడదు కదా. నా లెక్కలో సౌండు లేకపోవడమే టీవీ మామూలుగా ఉండడం. వాడి లెక్కలో టీవీ అంటే వాళ్ల నాయిన పెట్టే మోత, ఆన్‌లో ఉంటే మోగాల్సిందే. నేను పెట్టిన వైరు వెంట పోయి పొద్దున్నుంచీ మాటలామె టీవీలో పలుకుతూనే ఉంది. నేను ఆమె నోరు మూసి, పక్కనే కూర్చుని అక్షరాలు చదివాను.

“పగటిపూట టీవీ చూస్తవా నువ్వు?” అని అడిగాడు మధుకర్.

“చూస్త.”

“రోజూ?”

“సీరియల్ రోజూ వస్తది గద.”

“నాకు ఎన్నడూ వినపడలే.”

“వినపడొద్దనే గద బిడ్డా.”

“మరి కథ ఎట్ల తెలుస్తది?”

“తెలిసేదేముంది? కోడలు ఏడుస్తది, అత్త నవ్వుతది. ఆదివారం నీకు పని ఉండదు, ఆ రోజు సౌండు పెట్టి చూస్తె నేననుకున్నదే అయి ఉంటది.”

మా ఆయన నవ్వాడు. మధుకర్ నవ్వలేదు. నా పీట ఎక్కడుందో కాలితో వెతికి దాన్ని గోడ వారకు జరిపాడు. రిమోట్ అడిగి తీసుకున్నాడు. టీవీ గొంతు కొంచెం తగ్గించి మీటల ముందు కూర్చున్నాడు. అన్నాలవేళకు కొత్త లినక్స్ డబ్బాలోకి దిగిపోయింది.

ఆదివారమంతా డిస్కులో ఉన్న సామాను దించుకున్నాడు. కొన్ని కుదిరాయి. కొన్ని పాత వర్షన్‌వి, కొత్తది ఒప్పుకోలేదు, వాటిని మళ్లీ రాసుకున్నాడు. మొదట్లో మాటలామె బడిపంతులులా ఒక్కో మాటా విడివిడిగా పలికింది. నాకే రెండు మూడు మాటలు అర్థమయ్యాయి. మధ్యాహ్నం తిరిగేసరికి జొన్నలు పేలడం మొదలైంది. నాకు మళ్లీ ఏమీ అర్థం కాలేదు, ప్రాణం కుదుటపడింది.

వైరు పీకి నా చేతిలో పెట్టాడు. “ఇగ నీ టీవీ నువ్వు తీస్కో. రేపు మీటింగుల నేనొక్కన్నే ఉంట.”

“ఏమన్నయితే?”

“అయితే నేను చూసుకుంట. నువ్వు దేనికీ చెయ్యి పెట్టొద్దు. పెట్టనని చెప్పు.”

చెప్పాను. చెప్పించుకున్నాకే కదిలాడు.

సోమవారం పొద్దున ఆయన డ్యూటీకి పోయాడు. మధుకర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. మైకున్న ఇయర్‌ఫోను కొత్త డబ్బాకు ఇంకా కుదరలేదు, అందుకని చిన్న స్పీకరూ విడిగా ఒక మైకూ పెట్టుకున్నాడు. మీటింగు మాటలు నాకు వినపడ్డాయి. రేఖ మేడం వాళ్ల టీముకు పెద్ద. విజయవాడ వైపు ఆమె, మాట మెత్తగా ఉంటుంది. ఒక్కో పేరు పిలుస్తోంది. పిలిచినవాళ్లు పలుకుతున్నారు. నేను గడప దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను.

“మధుకర్ గారూ, ఉన్నారా అండి?”

వాడి వేళ్లు మీటల మీద కదిలాయి. వాడి పెదవులు కదిలాయి, “ఉన్న మేడం” అన్నాడు, నాకు స్పష్టంగా వినిపించింది. ఆమెకు వినిపించలేదు.

“మధుకర్ గారూ?”

మైకు మూసుకుని ఉంది, లేక వేరే మైకు తెరుచుకుని ఉంది, ఏదో ఒకటి. వాడు ఒక మీట నొక్కి వింటాడు, ఇంకో మీట నొక్కి వింటాడు. మాటలామె పటపటమని ఏవో పేర్లు చదువుతోంది. ఫోను బల్ల మీదే ఉంది. దాన్ని తీసుకుని ఆ మేడంకు ఫోను కొట్టి, ఉన్నాడమ్మా, మావాడు ఇక్కడే ఉన్నాడని చెప్పాలనిపించింది. రెండడుగులు వేశాను కూడా. వాడి చెవులకు అడుగుల చప్పుడు తెలిసింది. తల తిప్పకుండానే ఒక చెయ్యి పైకెత్తి ఆగమన్నాడు. ఆగాను.

“సరేనండి, మధుకర్ గారు ఇంకా కొత్త మిషన్ మీదికి వచ్చినట్టు లేరు,” అంది రేఖ మేడం. ఎవరో దగ్గారు. ఆమె కాగితం తిప్పినట్టు చప్పుడయింది. తర్వాతి పేరు పిలవలేదు. ఆమె కూడా ఆగింది. ఇవతల వాడు మీటలు నొక్కుతూనే ఉన్నాడు. మైకు తెరుచుకుందనే కాబోలు, మాటలామె ఒక చిన్న మాట చెప్పి ఊరుకుంది.

మధుకర్ మీటల మీది నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

“ఉన్న మేడం,” అన్నాడు. “కొత్త వర్షన్ మీదనే ఉన్న. చెప్పండి.”