నా పేరు మీద గవర్రాజు నెత్తురు

మొప్ప ఎత్తి చూడకుండా చేప కొనే మనిషిని నేను నమ్మను. అమ్మేవాణ్ణి అసలే నమ్మను. అందుకే పోర్టులో మా కాంట్రాక్టరు, యాభై దాటిన క్రేను ఆపరేటర్లందరికీ ప్రొస్టేటు పరీక్ష ఉచితం అనగానే నాకు ఒళ్లు మండింది. పదేళ్లుగా మాకు చల్లటి మంచినీళ్లు పెట్టించని మనిషికి మా గ్రంథుల మీద ఇంత ప్రేమ ఎందుకు పుట్టినట్టు? ‘అన్‌ఫిట్’ అని రాసి ఇంటికి పంపడానికి కాకపోతే!

పైగా నాకు లోపల భయం. ఏడాదిగా గంటకోసారి ఒంటేలుకని క్రేను దిగుతున్నాను. దిగినా ధార లేదు, చుక్కలే. ఆ సంగతి మా ఆవిడ అసిరమ్మకు కూడా చెప్పలేదు.

తగరపువలసలో కొబ్బరికాయల కొట్టు నడుపుతున్న బామ్మర్ది గవర్రాజును పిలిపించాను. నాకంటే మూడేళ్లు చిన్న, దుక్కలా ఉంటాడు. నా గేట్‌పాసు మీది ఫొటో పదిహేనేళ్ల నాటిది, మీసమున్న మగాడెవడికైనా సరిపోతుంది. వన్ టౌన్‌లో పెట్టిన క్యాంపుకెళ్లి, నా పేరు చెప్పి, వాడు నెత్తురిచ్చి వచ్చాడు. బిర్యానీ తినిపించి బస్సెక్కించాను.

పది రోజులకు క్యాంపు డాక్టరమ్మ కీర్తన నన్ను పిలిచి కాగితం ముందు పెట్టింది.

“అప్పలసూరి గారూ, మీ రక్తంలో ప్రొస్టేటు లెక్క, అదే పీఎస్ఏ, పద్నాలుగుంది. నాలుగు దాటితేనే మేం ఆలోచిస్తాం. క్యాన్సరే అనట్లేదు, వాపు వల్లా పెరగొచ్చు. కానీ ఏ బాధా లేనివాళ్లలో కూడా క్యాన్సర్ బయటపడుతుంది. సీతమ్మధారలో యూరాలజిస్టుకు రాసిస్తున్నాను, ఆలస్యం చెయ్యొద్దు.”

“అయితే నన్ను అన్‌ఫిట్ సేసీసినారా?”

“ఈ రిపోర్టు మీకే. కాంట్రాక్టరుకు వెళ్లదు.”

నేనా నమ్మేది? దుక్కలాంటోడి నెత్తురిచ్చినా రోగం రాశారంటే దొంగలు దొరికిపోయినట్టే. బయటికొచ్చి పక్క క్రేను దొరబాబును నిలదీశాను.

“నీకేటి రాసినార్రా?”

“నా లెక్క ఒకటి కూడా దాటనేదు బావా. ఏటీ బయం నేదన్నారు.”

దొరబాబు యూనియన్ గొడవలన్నిటికీ ముందుండేవాడు. కాంట్రాక్టరుకు కంట్లో నలుసు. ఎవణ్ణయినా సాగనంపాలంటే ముందు వాణ్ణే పంపాలి. వాడికి ఏమీ లేదని రాశారంటే, ఈ కాగితం నిజమే. ఆ నెత్తురు గవర్రాజుది.

ఆ మధ్యాహ్నమే తగరపువలస వెళ్లి, వాడి చేతిలో కాగితం పెట్టి సంగతంతా చెప్పి, మళ్లీ నెత్తురిచ్చి చూపించుకోమన్నాను. వాడు తిప్పి తిప్పి చూశాడు.

“దీని మీద నీ పేరుంది బావా. రోగం నీది. నా నెత్తిన రుద్దీసి నీ ఉజ్జోగం కాసుకుందారనా? ఇంకోపాలి నా నెత్తురు కావాలా నీకు? నాకేటీ నేదు. ఒంటేలుకెల్తే ధార గోడ దాటతాది!”

చేప మొప్ప ఎత్తి నేను చూసే చూపు అదే. నా మీదే పడేసరికి సిగ్గుతో చచ్చిపోయాను. గొయ్యి తవ్వింది నేను, పడింది వాడు. ఇప్పుడు చెయ్యందిస్తే పట్టుకోడు.

“సరే, నువ్వివ్వకు. రేపు నాను డాక్టరమ్మకాడ నిజం సెప్పీసి, నా నెత్తురిత్తాను. నువ్వొచ్చి సూడు సాలు.”

నేను నిజం చెబుతానంటే చూడాలని వచ్చాడు గానీ నా మీద నమ్మకంతో కాదు.

డాక్టరమ్మ అంతా విని పెన్ను బల్ల మీద పడేసింది. “జబ్బున్న మనిషి పేరు మీద కాగితమే లేదు. బాధలున్న మీకు పరీక్షే లేదు. ఎవర్ని మోసం చేశారండీ మీరు?”

నేను తల దించుకునే చొక్కా చెయ్యి మడిచాను. నర్సు పేరడిగింది.

“అప్పలసూరి.”

“పాసు సూడండమ్మా, పాసు సూడండి,” అన్నాడు వెనకనుంచి గవర్రాజు. నా నెత్తురు సీసాలోకి దిగి, దాని మీద నా పేరు అంటించేదాకా కళ్లు తిప్పలేదు. చివరికి వాడూ పక్కన కూర్చుని చెయ్యి చాపాడు.

పేర్లు సరిదిద్దడంతో గేట్‌పాసు మోసం బయటపడి, కాంట్రాక్టరు నన్ను పదిహేను రోజులు పనిలోంచి ఆపాడు. నాది వయసుతో వచ్చే వాపేనట, మాత్రలిచ్చారు. గవర్రాజుకు మళ్లీ పద్నాలుగే వచ్చింది. స్కానింగు తీశారు, గ్రంథి ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరే. అయితే ఇంకా గ్రంథి దాటలేదు, ఆపరేషన్‌తో నయమయ్యే దశలోనే దొరికిందన్నాడు యూరాలజిస్టు.

తిరుగు బస్సులో గవర్రాజు మధురవాడ దాటాక అన్నాడు.

“నువ్వు నికార్సయినోడివై ఉంటే, నాను సచ్చీపోదును బావా.”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాడి చెయ్యి పట్టుకుని ఏడ్చాను.